స్కూలుకు పాలకమండలి ఏది?

సంపాదకుల వారికి,

జూన్ దగ్గరపడితే చాలు, ప్రైవేటు స్కూళ్ల ఫీజుల మీద వార్తలే వార్తలు. ఫీజు సంగతి అందరూ అడుగుతున్నారు. స్కూలును నడిపేది ఎవరు, రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పేది ఎవరు అని మాత్రం అడిగేవాళ్లు లేరు.

హనుమకొండ, కాజీపేట, వరంగల్ గల్లీల్లోని చిన్న స్కూళ్లలో అన్నిటికీ కరస్పాండెంట్ సారే. ఫీజు తగ్గించేది ఆయనే, టీచర్లను తీసుకునేదీ తీసేసేదీ ఆయనే, బస్సు బ్రేకులు ఇప్పుడు చేయించాలా వచ్చే నెలదాకా లాగించాలా అని తేల్చేదీ ఆయనే. మా బాబు స్కూల్లో ఆఫీసు గోడకు ఫిర్యాదుల పెట్టె ఉంది, దాని తాళంచెవి కూడా ఆయన టేబుల్ సొరుగులోనే! మరి ఫిర్యాదు ఆయన మీదనే అయితే? ఆయన మంచాన పడితే, అప్పులపాలైతే? ఏడాది మధ్యలో స్కూలు పేరు బోర్డు మారుతుంది, కొత్త మేనేజ్‌మెంటు కొత్త యూనిఫాం కొనమంటుంది. మనకు తెలిసేది అప్పుడే.

రూల్ లేక కాదు. ప్రైవేటు స్కూలుకు పాలకమండలి ఉండాలని, అందులో తల్లిదండ్రుల తరఫువాళ్లూ ఉండాలని, లెక్కలు ఆడిట్ చేయించాలని 1994 నాటి జీవో నంబర్ 1 చెప్పింది. వసూలైన ఫీజులో 50 శాతం జీతాలకు, 15 శాతం సిబ్బంది పీఎఫ్, గ్రాట్యుటీ, బీమాలకు, మరో 15 నిర్వహణకు, 15 అభివృద్ధికి పోతే యాజమాన్యానికి 5 శాతం. ఇట్లా లెక్క చూపించిన స్కూలు నాకైతే ఇంతవరకు తగల్లేదు. కరోనాలో జీతాలు ఆగిపోతే 2021లో ప్రైవేటు టీచర్లకు సర్కారే నెలకు 2000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ఇవ్వాల్సి వచ్చింది. సిబ్బంది పీఎఫ్, బీమాలకు పోవాల్సిన ఆ 15 శాతం ఏళ్ల తరబడి ఎటు పోయిందో అప్పుడు కూడా ఎవరూ అడగలేదు. విద్యాహక్కు చట్టమేమో యాజమాన్య కమిటీలను సర్కారు, ఎయిడెడ్ బడులకే పెట్టి, ఎయిడ్ లేని స్కూళ్లను వదిలేసింది.

2023 జూలై వానలకు నయీంనగర్ నాలా పొంగి కాలనీలు మునిగిన సంగతి మనం మరిచిపోలేదు. ఆ చుట్టుపక్కల ఎన్ని స్కూళ్లు, కాలేజీలు ఉన్నాయో చూడండి. క్లాసులు జరుగుతుండగా నీళ్లొస్తే పిల్లల్ని మేడ మీదికి ఎక్కించాలా, ఇళ్లకు పంపాలా? సార్ ఫోన్ కలవకపోతే ఆయమ్మే నిర్ణయం తీసుకోవాలి. బస్సుల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు ఏటా మే 15తో అయిపోతుంది. స్కూళ్లు తెరిచాక కొన్నాళ్లు ఆర్టీఏ (రవాణా శాఖ) తనిఖీలు, పేపర్లో ఫొటోలు, ఆ తర్వాత చప్పుడుండదు. 2014లో మాసాయిపేటలో స్కూలు బస్సును రైలు గుద్ది అంతమంది పిల్లలు పోయాక కూడా ఇదే తంతు.

ఏదైనా జరిగితే అధికారులు వాడేది గుర్తింపు రద్దునే. 2022లో బంజారాహిల్స్‌లో ఒక స్కూల్లో పసిపిల్ల మీద అఘాయిత్యం బయటపడితే గుర్తింపు రద్దు చేశారు. మా పిల్లలు ఎటు పోవాలని తల్లిదండ్రులు మొత్తుకున్నాక ఆ ఏడాదికి మళ్లీ నడుపుకోనిచ్చారు. తాళం వేయడం, తాళం తీయడం. మధ్యలో మరో మెట్టు కనిపించదు.

యాజమాన్యాల బాధలూ ఉన్నాయి, కాదనను. ఎస్సీ, ఎస్టీ పిల్లలను ప్రైవేటు స్కూళ్లలో సర్కారు ఖర్చుతో చదివించే బెస్ట్ అవైలబుల్ స్కూల్ పథకం బకాయిలు సర్కారే ఏళ్లకేళ్లు పెండింగ్ పెడుతుంది, ఫీజు ఎగ్గొట్టి టీసీ కోసం పంచాయితీ పెట్టేవాళ్లూ ఉన్నారు. నష్టమే ఉంటే లెక్కలు బయటపెడితే వాళ్లకే మేలు కదా!

హనుమకొండ, వరంగల్ జిల్లాల విద్యాధికారులను (డీఈఓలను) కోరేది ఇదే. ఈసారి గుర్తింపు పొడిగించే ముందు ప్రతి స్కూలు పాలకమండలి సభ్యుల పేర్లు, ఆడిట్ రిపోర్టు, ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి), బస్సుల ఫిట్‌నెస్ తేదీలు గేటు దగ్గర బోర్డు మీద పెట్టించండి. తల్లిదండ్రులకు వాట్సాప్‌లో కూడా పంపించమనండి. ఫీజు బాకీ మెసేజ్‌లు రోజూ అందులోనే వస్తున్నాయి, నంబర్లు వాళ్ల దగ్గర ఉన్నాయి.

– ఒక విద్యార్థి తండ్రి,
హనుమకొండ