మంత్రం పని చెయ్యని పూట

ఏమే నేస్తం,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి చదివితే, ఆడపిల్లే నాయికగా ఉండే ఈ మంత్రాల నవలల గురించి నువ్వన్నదాంట్లో సగం నిజమేననిపించింది. "అట్ట మీద కత్తి పట్టుకుని ఒక పిల్ల. లోపల ఆ పిల్లకి రాని విద్య లేదు. మూడో అధ్యాయానికే రాజ్యమంతా దాని కాళ్ళ దగ్గరుంది. నాకు ఆవులింతలొచ్చాయి" అని రాశావు. వరసగా మూడు మొదలుపెట్టి మూడూ సగంలో వదిలేశానన్నావు. అసలు విషయం చివర్లో పెట్టావు. పాపకి పదమూడు వచ్చాయి, ఇలాంటివే కావాలంటోంది, ఇవ్వాలా వద్దా అని. ఇంత వయసొచ్చాక కూడా నువ్వెందుకు చదువుతున్నావే ఇవి అని ఇంకో చురక.

ఫోన్లో చెబితే మాటల్లో తేలిపోతుందని కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నువ్వు వదిలేసిన మూడింటి లాంటివి నేనూ చాలానే వదిలేశాను. వాటిల్లో పిల్లకి పుట్టుకతోనే శక్తి ఉంటుంది, ఏ పాత జోస్యంలోనో పేరుంటుంది, ఎవడైనా ఎదురొస్తే చెయ్యి చాపుతుంది, వెలుగొస్తుంది, వాడు పడిపోతాడు. అందులో ఆ పిల్ల పడ్డ పాటేముంది? కురిసినందుకు మబ్బుని మెచ్చుకున్నట్టు ఉంటుంది. అందుకే నేను ఏ నవల పట్టుకున్నా ఒక్కటే చూస్తాను. మంత్రం పని చెయ్యని పూట ఆ పిల్ల ఏం చేస్తుంది? ఆ పేజీలు బాగుంటే నాకు ఆ నవల బాగున్నట్టే. మిగతా తప్పులు ఎన్నున్నా సర్దుకుంటాను.

ఏరిన్ అనే నాయిక సంగతి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు కదూ. పదహారేళ్ళప్పుడు నాకు కామెర్లొచ్చి నెలన్నర మంచం దిగలేదు, గుర్తుందా? రోజూ నోట్సు తెచ్చిచ్చేదానివి. ఆ రోజుల్లో ఎవరో ఇచ్చిన నవల ఒకటి నా తలగడ కింద ఉండేది. రాబిన్ మెకిన్లీ రాసిన 'ద హీరో అండ్ ద క్రౌన్'. 1984లో వచ్చింది, ఆ మరుసటేడు దానికి అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం కూడా ఇచ్చారు. అవన్నీ నాకప్పుడు తెలీదు. నాకు తెలిసిందల్లా అందులో పిల్ల కూడా నాలాగే మంచంలో ఉందని.

ఏరిన్ రాజుగారి కూతురు. రాజవంశంలో పుట్టిన వాళ్ళందరికీ ఎంతో కొంత మంత్రశక్తి వస్తుంది, ఈమెకి మాత్రం రాదు. తల్లి ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన మంత్రగత్తె అని నలుగురూ చెవులు కొరుక్కుంటూ ఉంటారు. బంధువుల పిల్ల ఒకతె, నువ్వసలు రాజుగారి కూతురివేనా, అయితే ఈ ఆకు తిని చూపించు అని రెచ్చగొడుతుంది. రాజరక్తం లేనివాళ్ళు తింటే చచ్చిపోయే ఆకు అది. ఈమె మొండిగా తినేస్తుంది. చావదు, కానీ చాలాకాలం కళ్ళు తిరుగుతూ, పిచ్చి పిచ్చి కలలొస్తూ, పట్టుమని పది అడుగులు వెయ్యలేని స్థితిలో పడుతుంది. అదిగో, అక్కడే కథ మొదలవుతుందే. తండ్రి ఎక్కే యుద్ధాశ్వం ఒకటి కాలు కుంటై పచ్చిక మైదానంలో ఉంటుంది, టాలాట్ అని. నడవలేని పిల్ల, పరిగెత్తలేని గుర్రం. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ కాస్త కాస్తగా లేస్తారు. మంచంలో పడుకుని అది చదువుతుంటే నాకెలా ఉండి ఉంటుందో ఆలోచించు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నెమ్మదిగా చదువు. ఒక పాత పుస్తకంలో ఆమెకి ఒక లేపనం గురించి కనపడుతుంది. ఒంటికి రాసుకుంటే డ్రాగన్ నిప్పు కూడా కాల్చదట. ఏమేం కలపాలో రాసి ఉంటుంది, ఏది ఎంత కలపాలో ఉండదు. ఇక మొదలుపెడుతుంది. కాస్త ఇది, కాస్త అది, నూరడం, కలపడం, కొయ్య ముక్కకి పూసి మంటలో పెట్టడం. కాలిపోయింది. రాసుకోవడం. మళ్ళీ ఇంకో పాళ్ళలో కలపడం. మళ్ళీ కాలిపోయింది. ఇలా ఒక రోజు కాదు, ఒక నెల కాదు, ఏళ్ళ తరబడి. ఎవరికీ చెప్పదు. ఎవరూ అడగరు. ఒకరోజు కొయ్య ముక్క కాలదు. అప్పుడు తన చెయ్యే మంటలో పెట్టి చూస్తుంది.

మంత్రాల నవలలో నా మనసుకి అన్నిటికంటే దగ్గరైన ఘట్టం ఇదే. ఇందులో మంత్రమే లేదు చూడు! పొయ్యి, గిన్నె, ఓపిక. ఆ తర్వాత ఆమె డ్రాగన్లని చంపడానికి వెళ్తే అవి కూడా కుక్కంత ఉండే చిన్న డ్రాగన్లు. ఊళ్ళకి వాటితో బెడద, కానీ చంపితే గొప్ప పేరేం రాదు. పెద్దవాళ్ళెవరూ ఇష్టపడి చెయ్యని పని అది. ఈమె దాన్ని నెత్తినేసుకుంటుంది.

ఆ తర్వాత మావర్ అనే పెద్ద డ్రాగన్ వస్తుంది. దాని ముందు ఈ లేపనం సరిపోదు. చంపుతుంది గానీ, చెయ్యి కాలిపోతుంది, జుట్టు కాలిపోతుంది, చీలమండ విరుగుతుంది. గెలిచి ఇంటికి వచ్చాక కూడా కోలుకోదు. ఆ డ్రాగన్ పుర్రెని సభలో గోడకి వేలాడదీస్తే, అది తనని వెక్కిరిస్తున్నట్టు వినిపిస్తూ ఉంటుంది ఆమెకి. గెలుపు తర్వాత అంత దిగులు ఉంటుందని పదహారేళ్ళ పిల్లకి చెప్పిన పుస్తకం నాకు అంతకుముందు తగల్లేదు. నేను మంచం దిగాక కూడా చాలాకాలం ఏమీ బాగోలేనట్టే ఉండేది కదా, నువ్వు "తగ్గిపోయిందిగా, ఇంకేంటే" అనేదానివి. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబుండేది కాదు. ఏరిన్ దగ్గరుంది.

చిన్నప్పుడు మనం విన్న కథలు గుర్తుతెచ్చుకో. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చెట్టు తొర్రలో చిలుకలో ఉండేది. రాజకుమారి గుహలో ఏడుస్తూ కూర్చునేది. చిలుకని వెతుక్కుంటూ వెళ్ళేవాడు ఎప్పుడూ రాజకుమారుడే. ఆ కథలంటే నాకు ప్రాణం, ఇప్పటికీ. కానీ గుహలో ఆ పిల్ల అన్నాళ్ళు ఏం చేసిందో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. నాకు ఆ గుహలోపలి కథ కావాలి.

అది రాసినావిడ ఉంది. అర్సులా లెగ్విన్. 1971లో వచ్చిన 'ద టూంబ్స్ ఆఫ్ ఆటువాన్'. ఇది పాపకి కాదు, ముందు నీకు. టెనార్ అనే అమ్మాయిని ఐదేళ్ళప్పుడు ఇంట్లోంచి తీసుకుపోయి, పేరు లేని దేవతలకి పూజారిణిని చేస్తారు. ఆమె పేరు తీసేసి 'ఆర్హా' అంటారు. తినివేయబడినది అని అర్థం. సమాధుల కింద పెద్ద చీకటి గుహ, దాని పక్కనే దారులు మెలికలు తిరిగే చిట్టడవి లాంటి సొరంగాలు, అన్నీ ఆమె రాజ్యం. ఆ గుహలో దీపం వెలిగించడం మహాపాపం. కాబట్టి గోడలు తడుముకుంటూ, మలుపులు లెక్కపెట్టుకుంటూ అంతా కంఠతా పట్టేస్తుంది. అక్కడ తనే మహారాణి. ముగ్గురు ఖైదీలు దొరికితే, తిండీ నీళ్ళూ ఇవ్వకుండా చీకట్లో చావనివ్వమని తనే ఆజ్ఞ ఇస్తుంది, పాపం చిన్నపిల్ల. ఆ తర్వాత జ్వరం, పీడకలలు. బలమైన నాయిక అంటారు కదా, ఆ బలంతో తప్పు చేయించిన రచయిత్రి ఈమె.

ఒకరోజు ఆ గుహలో వెలుగు కనిపిస్తుంది. దొంగతనానికి వచ్చిన మాంత్రికుడు గెడ్, అతని చేతికర్ర నుంచి వచ్చే వెలుగు. ఏళ్ళ తరబడి తాను తడుముకుంటూ తిరిగిన చోటుని ఆ పిల్ల అప్పుడే మొదటిసారి కళ్ళతో చూస్తుంది. తెల్లటి రాతి కప్పు, స్ఫటికాలు, అన్నీ ధగధగలాడుతూ ఉంటాయి. తన సొంత గుహ అంత అందంగా ఉందని ఆమెకే తెలీదు! నాకు అక్కడ ఒళ్ళు జలదరిస్తుంది, ప్రతిసారీ. ఆమెకి మాత్రం మండిపోతుంది. అతన్ని లోపలే ఉంచి తలుపు మూసేస్తుంది.

అంతటి మాంత్రికుడు దాహంతో పడిపోతాడే. ఆ చీకట్లోని దేవతల్ని ఆపడానికే అతని శక్తంతా అయిపోతూ ఉంటుంది, బయటికి రావడానికి మిగలదు. బతకాలా చావాలా అన్నది ఆమె చేతిలో ఉన్న నీళ్ళ మీద ఉంటుంది. ముందు చచ్చిన ముగ్గురూ ఆమె మనసులో ఉంటారు. ఆమె నీళ్ళిస్తుంది. అతను ఆమె పేరు ఆమెకి తిరిగిస్తాడు. ఇద్దరూ కలిసే బయటికొస్తారు, ఒకళ్ళు లేకుండా ఇంకొకళ్ళు రాలేరు. బయటికొచ్చాక ఆమె సంతోషంతో గంతులెయ్యదు, ఏడుస్తుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇంకెవరో ఆజ్ఞాపిస్తే బతికిన మనిషికి, రేపు నువ్వే తేల్చుకోమంటే భయం వెయ్యదూ?

ఇంకో విషయం చెబితే నీకు నచ్చుతుంది. ఈ వరసలో మొదటి నవల 1968లో వచ్చింది. అందులో మంత్రవిద్య బడికి మగపిల్లలే వెళ్తారు, ఆడవాళ్ళ మంత్రమంటే అందరికీ చులకన. లెగ్విన్ తను రాసిందాన్ని తనే మళ్ళీ తిరిగి చూసుకుని, 1990లో 'టెహాను' రాసింది. అందులో టెనార్ నడివయసు మనిషి, భర్త పోయాడు, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఒళ్ళు కాలిన ఒక పసిపిల్లని దగ్గరికి తీసి పెంచుతోంది. ఆ మహామాంత్రికుడు శక్తంతా పోగొట్టుకుని ఆమె ఇంటికే వస్తాడు. ఇంత వయసొచ్చాక ఎందుకు చదువుతావే అన్నావు కదా. ఇందుకే. ఆ పిల్లలు కూడా నాతోపాటే పెద్దవాళ్ళవుతున్నారు.

ఇక పాప సంగతి. టమోరా పియర్స్ రాసిన అలానా కథ ఇవ్వు, మొదటి పుస్తకం 1983ది. నాలుగు భాగాలు. వీరుల శిక్షణకి ఆడపిల్లల్ని రానివ్వరని, కవల అన్నదమ్ముడి స్థానంలో మగపిల్లాడి వేషంలో వెళ్ళే పిల్ల. రాయడం మొదట పెద్దవాళ్ళ నవలగా ఒకే పుస్తకం రాసిందట ఆవిడ, తర్వాత దాన్నే కౌమార పిల్లల కోసం నాలుగుగా తిరగరాసింది. నేను ఇవ్వమనేది ఎందుకో చెప్తా విను. ఒకరోజు ఆ పిల్ల నిద్రలేచేసరికి రక్తం కనపడుతుంది. ఏమైందో తెలీదు. చెప్పడానికి తల్లి లేదు. అడిగితే వేషం బయటపడుతుంది. హడిలిపోయి స్నేహితుడి దగ్గరికి పరిగెడితే, అతను తన తల్లి దగ్గరికి తీసుకెళ్తాడు. ఆవిడ వైద్యం తెలిసిన మనిషి, కూర్చోబెట్టి అంతా విడమరిచి చెబుతుంది. కత్తులూ మంత్రాలూ ఉన్న కథలో ఈ ఒక్క సంగతి ఎంతమంది రాశారు చెప్పు? నాకైతే ఆ పేజీ చదివాక అలానా నిజంగా ఉన్న మనిషే అనిపించింది. తర్వాతి భాగాల్లో ఆమె పెద్దదవుతుంది, ప్రేమలూ మంచాల దాకా వెళ్తాయి, కాబట్టి అవి ముందు నువ్వు చదివి, పాపకి ఎప్పుడివ్వాలో చూసుకో. మొదటిది ఇప్పుడే ఇచ్చెయ్యొచ్చు. అదే లోకంలో కెల్ అనే ఇంకో పిల్ల కథ 1999లో మొదలవుతుంది. ఆ పిల్లకి మంత్రం అసలు రాదు, వేషమూ వెయ్యదు. మగపిల్లలకి లేని ఏడాది పరీక్షాకాలం ఆమె ఒక్కదానికే పెడతారు. నాకు మంట పుట్టింది చదువుతుంటే.

పాపకి నవ్వు కావాలంటే టెరీ ప్రాచెట్ 'ద వీ ఫ్రీ మెన్'. 2003ది. టిఫనీకి తొమ్మిదేళ్ళే. ఏటిలోంచి ఒక భూతం లేస్తుంది. దాని కళ్ళు సూప్ పళ్ళేలంత ఉంటాయని పుస్తకంలో ఉంటే, ఆ పిల్ల ఇంటికెళ్ళి పళ్ళెం తెచ్చి కొలుస్తుంది. ఎనిమిది అంగుళాలు! తర్వాత చిట్టి తమ్ముణ్ణి ఎరగా కూర్చోబెట్టి, పెనంతో ఆ భూతం మొహం పగలగొడుతుంది. కొలిచి చూసే పిల్లని చూస్తే నాకెంత ముద్దొస్తుందో.

నెడీ ఒకొరాఫోర్ రాసిన 'అకాటా విచ్' కూడా రాసుకో, 2011. నైజీరియా పిల్ల సన్నీ, పుట్టుకతోనే ఒంటికి రంగు లేకపోవడం వల్ల (ఆల్బినో అంటారు) ఎండలో ఆడలేదు, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆ మంత్రలోకంలో కొత్త సంగతి ఏదైనా నేర్చుకున్నప్పుడల్లా పైనుంచి డబ్బు రాలుతుంది. కొడితే రాదు, గెలిస్తే రాదు, నేర్చుకుంటేనే వస్తుంది. ఇంత చక్కటి ఊహ ఈ మధ్య ఎక్కడా చూళ్ళేదు.

గార్త్ నిక్స్ 'సాబ్రియెల్' గురించి రాస్తే ఈ ఉత్తరం తెల్లారేదాకా సాగుతుంది. ఒక్కటి మాత్రం. చచ్చినవాళ్ళని తిరిగి పంపడానికి ఆ పిల్ల దగ్గర మోగించే చేతిగంటలు ఏడుంటాయి. అన్నిటికంటే చిన్నది నిద్రపుచ్చుతుంది. అన్నిటికంటే పెద్దది మోగిస్తే విన్నవాళ్ళందరూ మృత్యువులోకి పోతారు, మోగించినామెతో సహా. చేతిలో అలాంటి గంట పెట్టుకుని మోగించాలా వద్దా అని ఆగిన చెయ్యి ఉంటుంది చూడు, నీకు ఆవులింత రాదు. వస్తే నాకు రాయి.

అలానా మొదటి భాగం, టిఫనీ రెండూ పాపకి పంపిస్తున్నాను. లెగ్విన్ నీకు. ఆ గుహలో వెలుగు కనిపించేదాకా చదివి, అక్కడ ఆపి, నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా పర్లేదు. ఏరిన్ మాత్రం పంపనే. అది నా మంచం నాటి కాపీనే, ఎవరిచ్చారో వాళ్ళు తిరిగి అడగలేదు. వెన్ను ఊడిపోయింది, కొయ్య ముక్క కాలని పేజీ విడిగా చేతిలోకి వస్తుంది. నువ్వొచ్చినప్పుడు ఇక్కడే కూర్చుని చదువు.

నీ
నేస్తం