వానలో కింద తిరుపతి

ఒరే మామా,

ఎట్టుండావు? ఇక్కడ మొన్నట్నుంచి ఒకటే వాన, అల్పపీడనం అంట. నిన్న లీవు పెట్టేసి గొడుగు తీసుకోని ఊర్లో గుళ్ళన్నీ తిరిగొచ్చినా. కొండకి పోలేదు, కిందే. ఇన్నేళ్ళు ఈ ఊర్లో ఉండి ఇంత నిదానంగా ఎప్పుడూ చూడలేదు రా, అందుకే నీకు చెప్పాలనిపించింది.

ముందు కపిలతీర్థం. ఎండాకాలంలో పోతే బండ మీద తడి మరక తప్ప ఏముంటాది చెప్పు, నిన్న మాత్రం కొండ మీదినుంచి నీళ్ళు తెల్లగా దూకతా ఉంటే పక్కనోళ్ళు మాట్లాడేది కూడా వినపడలా. 2021 నవంబర్‌లో వరదొచ్చి ఊరు మునిగింది గదా, అప్పట్నుంచి ఆ హోరు వింటే సంతోషమూ అవతాది, భయమూ అవతాది. కోనేట్లో దిగనీలేదు. కార్తీకం కదా, మండపంలో ఒక అవ్వ ఉసిరికాయ మీద దీపం పెడతా ఉండాది, గాలికి ఆరిపోతాది, మళ్ళీ వెలిగిస్తాది, విసుక్కోదు. నేను పోయి గొడుగు అడ్డం పట్టినా. ఒత్తి చిటపటమని, నూనెలో పడిన చినుకు ఎగిరి, చివరికి నిలిచింది. "సల్లగుండు నాయినా" అని తల మీద చెయ్యి పెట్టింది. ఆ ఒక్క దీపం కాడే అర్ధగంట ఉండిపోయినా మామా.

అలిపిరిలో పాదాల మండపం దగ్గర జనం తక్కువే, అయినా తడిసిన బట్టల్తోనే స్వామి పాదరక్షలు నెత్తిన పెట్టుకోని తిరగతా ఉండారు, గోవిందా గోవిందా అని.

అక్కడ్నుంచి గోవిందరాజస్వామి గుడి. స్టేషన్ పక్కనే కదా అని మనం ఎన్నిసార్లు దాని ముందునుంచే బస్సు కోసం పరిగెత్తినామో! ఏడంతస్తుల గోపురం, మట్లి అనంతరాజు కట్టించింది, వానకి దాని బొమ్మలన్నీ కడిగినట్టు అయినాయి. చిదంబరంలో ఉండే గోవిందరాజస్వామికి ఆపదొచ్చినప్పుడు రామానుజాచార్యులు ఇక్కడ 1130లో ప్రతిష్ఠ చేసినారని చెప్తారు. వాన పుణ్యమా అని క్యూ లేదు, తోసేవాళ్ళు లేరు, శయనించిన స్వామిని తల నుంచి పాదాల దాకా కళ్ళారా చూసినా. తమ్ముడు వెంకన్న పెళ్ళికి కుబేరుడి కాడ తెచ్చిన అప్పు వడ్డీ కొలిచి కొలిచి అలిసిపోయి, కుంచం తల కింద పెట్టుకోని పడుకున్నాడని మా నాయనమ్మ చెప్పేది గుర్తొచ్చింది. ఇంట్లో పెద్ద కొడుకు కష్టం లాంటిదే రా అది, నిజంగా కళ్ళు చెమర్చినాయి.

కోదండరాముడికి దండం పెట్టుకోని, వేడివేడి మిరపకాయ బజ్జీలు తిని, సాయంత్రం తిరుచానూరు చేరినా. పద్మసరోవరం నిండా చినుకుల సుళ్ళు, దానికెదురుగా సూర్యనారాయణస్వామి గుడి. లోపల పద్మావతమ్మ, పై చేతుల్లో రెండు తామరలు. అమ్మ ఆ కోనేటి తామరలోనే పుట్టిందని కదా మనోళ్ళ నమ్మకం. మొన్న నువ్వు ఫోన్లో చెప్పిన విషయం అమ్మకి చెప్పుకున్నా, నీ పేరు మీద అర్చన చేయించినా.

నువ్వు వచ్చినప్పుడల్లా దర్శనం స్లాటు చూసుకోని కొండెక్కి, దిగంగానే రైలెక్కేస్తావు. ఈసారి కార్తీకంలోనే రా, ఒకరోజు ఎక్కువ పెట్టుకో, వాన పడితే ఇంకా మంచిది. ప్రసాదం వడ ఒకటి ఎండబెట్టి పెట్టినా నీకోసం, అది చెడిపోక ముందే టికెట్ తియ్యి.

ఇట్లు
నీ మామ