వార్షిక నివేదిక: పరిగెత్తాం, తొక్కాం, ఈదాం, మధ్యలో ఎవరు గొప్పని కొట్లాడుకున్నాం

మన పరుగు, సైకిల్, ఈత సంఘం సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం, చూసే ఉంటారు, సందేహాలుంటే కోశాధికారిని అడగండి. ఆదివారం లాంగ్ రన్‌లు ఏడాది పొడవునా ఆగకుండా నడిచాయి. వానల్లో కొన్ని గ్రూప్ రైడ్‌లు రద్దు చేశాం, తడి రోడ్డు మీద అంతమందిని గుంపుగా తొక్కించే ధైర్యం మాకు లేదు, దానికి పడ్డ విసుర్లన్నీ పడ్డాం. ఓపెన్ వాటర్ ఈత ప్రాక్టీసు కొత్తగా మొదలైంది. కొత్తవాళ్ల రన్నింగ్ బ్యాచ్ బాగా నడిచింది, దాని గురించి కింద చెప్తాను.

మామూలుగా అయితే నివేదిక ఇక్కడితో సగం అయిపోవాలి. కానీ ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువసేపు కూర్చుని మాట్లాడింది రైడ్‌ల గురించీ రన్‌ల గురించీ కాదు, మనలో ఒకరి మీద ఒకరికున్న చిన్నచూపు గురించి. వచ్చిన ఫిర్యాదులన్నీ పక్కపక్కన పెట్టి చదివితే పేర్లు వేరు గానీ గోడు ఒకటే: వాళ్లు మమ్మల్ని మనుషుల్లా చూడట్లేదు.

రన్నర్లని అడిగితే సైక్లింగ్ అంటే కూర్చుని చేసే పని, దిగుడు వస్తే తొక్కకుండానే పోతుంది కదా అంటారు. సైక్లిస్టులని అడిగితే గంటన్నర పరిగెత్తి వారమంతా దాని గురించే చెప్పేవాళ్లు రన్నర్లు, మేం పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి గానీ ఇంటికి చేరం అంటారు. ట్రయాథ్లెట్లు, అంటే ఈత, సైకిల్, పరుగు మూడూ ఒకే పోటీలో చేసేవాళ్లు, ఇద్దరినీ కలిపి "ఓ, ఒక్కటే చేస్తారా?" అని అడుగుతారు, అంతే, ఇంకేం అనక్కర్లేదు. వాళ్లని చూసి అసలు ఈతగాళ్లు నవ్వుకుంటారు. ఇది చాలదన్నట్టు ఒక్కో వర్గం లోపల మళ్లీ మెట్లు. హాఫ్ మారథాన్ చేసినవాళ్లని "హాఫేనా" అనడం, బూటు బిగించుకునే పెడల్స్ కాకుండా మామూలు పెడల్స్ మీద వచ్చినవాళ్లని చూసీ చూడనట్టు ఊరుకోవడం, మోటారు సైకిల్ కాదయ్యా ఇది, మోటారున్న సైకిల్ అని మొత్తుకుంటున్నా ఈ-బైక్ సభ్యుణ్ణి ఫొటోలోంచి పక్కకి జరపడం.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు అంటారు కదా, ఐరన్‌మ్యాన్ అనే పొడవాటి ట్రయాథ్లాన్ పోటీ పుట్టిందే అలాంటి గొడవలోంచి. హవాయిలో ఒక రిలే పరుగు బహుమతుల సభలో రన్నర్లు గట్టివాళ్లా ఈతగాళ్లు గట్టివాళ్లా అని వాదన వచ్చింది. అక్కడున్న అమెరికా నేవీ అధికారి జాన్ కాలిన్స్ బెల్జియం సైక్లిస్టు ఎడ్డీ మెర్క్స్ పేరెత్తి, సైక్లిస్టుల సంగతేంటి మరి అన్నాడు. ఆయనా ఆయన భార్య జూడీ కలిసి ఆ దీవిలో అప్పటికే ఉన్న ఈత పోటీ, సైకిల్ దారి, మారథాన్, మూడింటినీ ఒకదాని వెనక ఒకటి కలిపేశారు. 1978లో జరిగిన మొదటి పోటీలో 15 మంది బయల్దేరితే 12 మంది చివరిదాకా వచ్చారు, గార్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో ముందొచ్చాడు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. దాంతో వాదన తేలిపోవాలి. తేలకపోగా, మిగతా ముగ్గురినీ చిన్నచూపు చూసే నాలుగో జాతి ఒకటి తయారైంది (ట్రయాథ్లెట్ సభ్యులు మన్నించాలి, మీలో సగం మంది ఈ మాట విని నవ్వుతారని తెలిసే రాస్తున్నాను).

స్ప్రింట్ అనే పొట్టి ట్రయాథ్లాన్ మొదటిసారి పూర్తి చేసి వచ్చిన ఒక సభ్యురాలితో "అది అసలు ట్రయాథ్లాన్ కిందికి రాదులెండి" అన్నారట ఇంకొకరు. ఆమె మెడలో మెడల్ ఇంకా తీయలేదు. స్ప్రింట్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్స్‌లో ట్రయాథ్లాన్ 2000లో సిడ్నీలో మొదలైనప్పుడు పెట్టిన దూరాలు ఇదే వరసలో 1.5, 40, 10 కిలోమీటర్లు. టోక్యోలో వచ్చిన, ఆడా మగా ఒకే జట్టుగా చేసే మిక్స్‌డ్ రిలేలో అయితే ఒక్కొక్కరు ఈదింది 300 మీటర్లు, పరిగెత్తింది 2 కిలోమీటర్లు. వాళ్ల దగ్గరికి వెళ్లి మీది అసలు ట్రయాథ్లాన్ కాదని చెప్పగలవాళ్లు మన సంఘంలో ఎవరైనా ఉంటే ప్రయాణం ఏర్పాట్లు కార్యవర్గం చూసుకుంటుంది.

కొత్తవాళ్ల బ్యాచ్ సంగతి. వాళ్లకి మనం నేర్పింది కాసేపు పరుగు, కాసేపు నడక పద్ధతి. ఇది మనం కనిపెట్టింది కాదు, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలోవే దశాబ్దాలుగా ప్రచారం చేసింది. గ్రూపులో మాత్రం "నడిస్తే అది మారథాన్ ఎలా అవుతుంది" అని ఒక మెసేజ్, దాని కింద నవ్వే బొమ్మలు. ఆ మర్నాడు బ్యాచ్‌లో కొందరు రాలేదు. నడక పోటీలో పరిగెత్తకూడదని నియమం ఉంది గానీ, పరుగు పోటీలో నడవకూడదని నియమం ఎక్కడా లేదు, కావాలంటే రూల్ పుస్తకం తిరగెయ్యండి. ఇంకో సంగతి, మారథాన్ ఆరు గంటలకి ముగించే మనిషి, గెలిచినవాడు రెండు గంటల చిల్లరలో వదిలేసిన రోడ్డు మీద దాదాపు మూడింతల సేపు ఉంటాడు. మూడింతల సేపు కాళ్ల మీద, మూడింతల సేపు కడుపులో తిప్పుడు, చివర్లో నీళ్ల టేబుళ్లు కూడా ఎత్తేసి ఉంటారు. అది వేగం కాదు, ఒప్పుకుంటాను. తేలిక మాత్రం కాదు. అయినా వాళ్ల మోకాళ్లు, వాళ్ల టైం. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

"వీళ్లు అసలు రన్నర్లు కారు" అనే మాటకి చరిత్ర కూడా ఉంది, అదేమంత గొప్ప చరిత్ర కాదు. 1967లో బోస్టన్ మారథాన్‌లో క్యాథరిన్ స్విట్జర్ నంబరు వేసుకుని పరిగెడుతుంటే నిర్వాహకుల్లో ఒకాయన వెంటపడి ఆ నంబరు పీకబోయాడు. ఆ పోటీలో ఆడవాళ్లని అధికారికంగా 1972లో గానీ రానివ్వలేదు, ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ 1984 దాకా లేదు. అప్పుడు అడ్డుపడ్డవాళ్లందరూ క్రీడని కాపాడుతున్నాం అనే నమ్మారు.

మన దగ్గర నంబర్లు పీకే మనుషులు లేరు, సలహాలిచ్చే మనుషులు ఉన్నారు. ఒక రైడ్‌లో ఒక సభ్యురాలి వెనక టైరు పంక్చర్ అయింది. ఆమె చక్రం విప్పి, ట్యూబు బయటికి తీసి, టైరు లోపల వేలు పెట్టి మెల్లిగా తడుముతున్నారు, ఏం గుచ్చుకుందో వెతుకుతూ. ముగ్గురు ఆగారు. ఒకాయన ఆమె చేతిలోంచి టైరు లివర్ తీసుకున్నారు, ఒకాయన కొత్త ట్యూబు ఎక్కించారు, మూడో ఆయన టైర్లో గాలి ఎంత ఉండాలో వివరించారు. ఎవరూ టైరు తడమలేదు. కొంత దూరం వెళ్లేసరికి మళ్లీ గాలి దిగిపోయింది, ముల్లు అక్కడే ఉంది కదా మరి. రెండోసారి ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, ఆ ముల్లు తీసి జేబులో వేసుకున్నారు. దాని ఫలితంగా రైడ్ పత్రంలో ఒక వాక్యం చేర్చాం: సాయం కావాలా అని అడగండి, కావాలన్నాకే చెయ్యి పెట్టండి.

రూలు ఏది, టెక్కు ఏది

ఎక్కువ తర్జనభర్జన జరిగింది దీని మీదే. ఎందుకంటే వచ్చిన ప్రతి ఫిర్యాదూ టెక్కు కాదు. ట్రయాథ్లాన్ బైక్ మీద వచ్చిన సభ్యుణ్ణి గుంపులోంచి వెనక్కి పంపించారని గొడవైంది. ఆయనకి అవమానంగా అనిపించింది, నిజమే, చెప్పిన తీరు కూడా బాలేదు. కానీ ఏరోబార్ల మీద, అంటే హ్యాండిల్ ముందుకి పొడుచుకొచ్చే కడ్డీల మీద, మోచేతులు ఆనించి తొక్కేటప్పుడు చేతులు బ్రేకుల దగ్గర ఉండవు, ముందువాడు హఠాత్తుగా వేగం తగ్గిస్తే వెనక ఉన్నవాళ్లంతా పడతారు. అది రూలు, అలాగే ఉంటుంది. ఆ సైకిల్ మీద రావచ్చు, గుంపులో ఉన్నంతసేపు చేతులు బ్రేకుల మీద ఉండాలి, అంతే. అదే సమయంలో "ట్రయాథ్లెట్లకి సైకిల్ తొక్కడం రాదు" అనే మాట ఉంది చూశారూ, అది టెక్కు. వాళ్ల పోటీల్లో చాలావాటిలో ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కితే పెనాల్టీ పడుతుంది. ఏళ్ల తరబడి ఒంటరిగా తొక్కే అలవాటు ఉన్న మనిషికి గుంపులో చక్రానికి చక్రం ఆనించి తొక్కడం ఎలా వస్తుంది? నేర్పితే వస్తుంది. ఒక చోట తెలివి అనిపించుకునేది ఇంకో చోట నేరం.

ఇదే పాఠం తిరగేసి కూడా జరిగింది. మన ప్రాక్టీసు డ్యూయాథ్లాన్‌లో (పరుగు, సైకిల్ కలిపిన పోటీ, ఈత ఉండదు) ఒక సీనియర్ సైక్లిస్టు పరుగు ముగించి వచ్చి, అలవాటుగా సైకిల్ అందుకుని, నడిపించుకుంటూ హెల్మెట్ పెట్టుకోబోయారు. హెల్మెట్ పట్టీ క్లిక్‌మనేదాకా సైకిల్ ముట్టుకోకూడదని రూలు. ఆపేసరికి ఆయనకి కోపం వచ్చింది. కారణం చెప్పాక సైకిల్ మళ్లీ స్టాండ్ మీద పెట్టి, పట్టీ బిగించుకుని, నవ్వుతూనే వెళ్లారు. కారణం చెప్తే మనవాళ్లు వింటారు. అందుకే ఇకనుంచి ఏ రూలు పెట్టినా పక్కన కారణం ఒక లైను రాయాలని కార్యవర్గం తీర్మానించింది, కారణం రాయలేకపోతే ఆ రూలు కొట్టేస్తాం.

అలా కొట్టేసినవాటిలో సాక్స్ పొడవు ఒకటి. ప్రొఫెషనల్ పోటీల్లో సాక్స్ చీలమండకీ మోకాలికీ మధ్య సగం దాటకూడదని యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) నిబంధన నిజంగానే ఉంది, కానీ ఆదివారం పొద్దున కాఫీ తాగడానికి వెళ్లే రైడ్‌లో స్కేలు పట్టుకుని కొలిచే పని ఎవరికీ అప్పగించలేదు. బరువు సంగతీ అంతే. పోటీ సైకిల్ 6.8 కిలోల కన్నా తక్కువ ఉండకూడదని కూడా యూసీఐ నిబంధనే, మనలో కొందరు గ్రాముల లెక్క చెప్పి కొత్తవాళ్లని హడలెత్తిస్తున్నారు. పెద్ద బాటిల్ నీళ్లు తాగేస్తే ముప్పావు కిలో తగ్గుతుంది, ఫ్రీగా. సోలులో కార్బన్ ప్లేటు పెట్టిన ఖరీదైన పరుగు బూట్ల గొడవ మాత్రం రెండు వైపులా ఉంది: వేసుకున్నవాళ్లని "టైం కొనుక్కున్నారు" అంటున్నారు, వేసుకోనివాళ్లని "సీరియస్ కాదు" అంటున్నారు. రోడ్డు పరుగు పోటీలకి సోలు మందం 40 మిల్లీమీటర్లు మించకూడదని, ప్లేటు ఒకటే ఉండాలని 2020లో పరిమితి పెట్టారు, దానికి లోబడి ఎవరి కాళ్లు వాళ్లిష్టం.

గ్రూప్ రైడ్‌లో వెనకబడేవాళ్ల మీద వచ్చే విసుర్ల గురించి కాస్త లెక్క చెప్పాలి. చదును రోడ్డు మీద మంచి వేగంలో మన శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. వేగం రెట్టింపైతే గాలి ఒక్కదానికే ఎనిమిది రెట్ల పవర్ కావాలి. ఒకరి వెనక నక్కి తొక్కితే అందులో చాలా మిగులుతుంది. అంటే గుంపు నుంచి ఇరవై మీటర్లు వెనకబడ్డ మనిషి, గుంపు మధ్యలో కబుర్లు చెప్పుకుంటూ పోతున్న మనిషి కన్నా ఎక్కువ కష్టపడుతున్నాడు. గుంపులో ఉన్నాయన వెనక్కి తిరిగి "ఇంకా ప్రాక్టీస్ చేయాలి" అంటాడు!

ఎవరెంత దూరం, ఎంత వేగంగా వెళ్లారో నమోదు చేసే స్ట్రావా యాప్ నుంచి తీసి గ్రూపులో వారం వారం పెట్టే పట్టిక ఆపేశాం. దీని మీద చాలామందికి కోపం ఉంది, వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది, పోటీ లేకపోతే మజా ఏముంది అని. కానీ ఆ పట్టిక వల్ల జరిగిందేమిటంటే, మెల్లగా పరిగెత్తాల్సిన రోజు కూడా అందరూ చూస్తారనే టెన్షన్‌తో గట్టిగా పరిగెత్తడం. ప్రపంచస్థాయి ఎండ్యూరెన్స్ ఆటగాళ్ల శిక్షణలో అధిక భాగం మాట్లాడుకుంటూ చేయగలిగే తేలిక వేగంలోనే ఉంటుంది. మనవాళ్లకి మాత్రం తేలిక అంటే నామోషీ. కొందరు వాచీ ఆపేసి పరిగెడుతున్నారు, కొందరు పేస్ దాచిపెడుతున్నారు, కొందరు పిక్క పట్టేసి ఫిజియో దగ్గర ఉన్నారు. టైమ్ ట్రయల్స్ మాత్రం అలాగే ఉంటాయి, ఆ రోజు ఎవరి సత్తా వాళ్లు చూపించండి, ఫలితాలు పెద్ద అక్షరాలతో వేస్తాం. వేగంగా ఉండటం గర్వం కాదు. ఆ మాటకొస్తే వేగంగా వెళ్లేవాళ్లని "వీళ్లకి ఇల్లూ వాకిలీ లేదా" అని ఎద్దేవా చేసే మెల్లగాళ్లూ మన దగ్గర ఉన్నారు, అదీ చిన్నచూపే, తిరగేసిన చిన్నచూపు. కొత్తవాళ్ల బ్యాచ్‌కి పేసర్లుగా, అంటే పక్కనే పరిగెత్తి వేగం కుదిర్చేవాళ్లుగా, వచ్చింది మన సంఘంలో అందరికన్నా వేగంగా పరిగెత్తేవాళ్లే.

ఏడాదిలో అన్నిటికన్నా బాగా పనిచేసింది తారుమారు దినం. సైక్లిస్టులు పరిగెత్తాలి, రన్నర్లు తొక్కాలి, ఇద్దరూ ఈదాలి. సైక్లిస్టులకి ఊపిరి సరిపోయింది, ఊపిరి సరిపోయింది కదా అని గట్టిగా పరిగెత్తారు, కానీ సైకిల్ మీద నేల దెబ్బ తగలని కాళ్లు కదా, మర్నాడు మెట్లు దిగలేక రెయిలింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి దిగామని వాళ్లే చెప్పారు. రన్నర్లు ఎక్కుడులో బాగానే ఉన్నారు, "తొక్కకుండానే పోతుంది" అన్న ఆ దిగుడులోనే రెండు బ్రేకులూ నొక్కిపట్టుకుని కిందికి వచ్చారు, సీటు గురించి ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడలేదు. నీళ్లలో అందరూ సమానమే, ఈతగాళ్లు తప్ప, వాళ్లు గట్టు మీద కూర్చుని ఆ రోజంతా ఆనందించారు. ఆ తర్వాత ఫిర్యాదులు తగ్గాయి. ఆగలేదు, తగ్గాయి.

వచ్చే ఏడాదికి: తారుమారు దినం రెండుసార్లు పెట్టాలని ప్రతిపాదన, సర్వసభ్య సమావేశంలో ఓటుకి వస్తుంది. పంక్చర్ వర్క్‌షాప్ ఆ ముల్లు తీసిన సభ్యురాలే నడుపుతారు. రైడ్ ముందు నడిపించే కెప్టెన్ పదవికి ఎప్పటిలాగే కావాల్సినదానికన్నా ఎక్కువ పేర్లు వచ్చాయి. గుంపు చివర ఉండి, వెనకబడ్డవాళ్లతో పాటు తొక్కే స్వీపర్ పనికి ఇద్దరే ముందుకొచ్చారు, ఇంకా కావాలి. పేర్లు సమావేశం లోపు నాకు పంపండి. పంపు, లైటు, స్పేర్ ట్యూబు సంఘమే ఇస్తుంది.

– కార్యదర్శి