తెల్లమొహం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. మీ అబ్బాయి గురించి "రైలింజన్ల పేర్లు గడగడా చెప్తాడు, నిన్న స్కూల్లో ఏం జరిగిందంటే మాత్రం తెల్లమొహం వేస్తాడు, కావాలనే చేస్తున్నాడేమో" అని రాశావు చూడు, అక్కడే ఆగిపోయాను. కావాలని కాదురా. ఆ తెల్లమొహం నాది కూడా. నేనూ ఏడో నెలలో పుట్టినవాణ్నే కదా! పై గదిలోంచి కత్తెర, దారం, గుండీల డబ్బా తెమ్మని అమ్మ పంపేది. మెట్ల మీదే రెండు జారిపోయేవి. కత్తెర పట్టుకుని "ఇంకేం చెప్పావమ్మా?" అని నిలబడేవాణ్ని. వీపు మోగేది.

అందుకే ఈ విషయం చాలా చదివాను. 24 వారాలకి బిడ్డ మెదడు పైన ఇంకా దాదాపు నున్నగానే ఉంటుందిట. ఆ మడతలన్నీ పడేది ఆ తర్వాతే. 35 వారాలకి కూడా దాని బరువు, నెలలు నిండిన బిడ్డ మెదడు బరువులో సుమారు మూడింట రెండొంతులే. మీవాడు 29 వారాలకే వచ్చేశాడు. కడుపులో చీకట్లో జరగాల్సిన పని ఇంక్యుబేటర్లో, లైట్ల కింద, సూదుల మధ్య జరిగింది. నరాల తీగలకి తొడుగు వేసే కణాలు ఆ వయసులో మరీ సుకుమారం. జ్ఞాపకాలని భద్రపరిచే హిప్పోక్యాంపస్ అయితే ఆక్సిజన్ తగ్గితే ముందుగా దెబ్బతినేవాటిలో ఒకటి. బాగా ముందు పుట్టినవాళ్లలో అది సగటున కాస్త చిన్నదిగా ఉండటం టీనేజీ స్కాన్లలోనూ కనిపించింది.

1997లో లండన్‌లో ఫరానే వర్ఘా-ఖదేమ్ అనే మెదడు పరిశోధకురాలి బృందం ముగ్గురి గురించి రాసింది. చిన్నతనంలోనే రెండువైపులా హిప్పోక్యాంపస్ దెబ్బతిన్నవాళ్లు. చదువు, మాటలు, లోకజ్ఞానం దాదాపు మామూలే. తమకి జరిగిన సంగతులు మాత్రం నిలవవు. వాళ్లలో ఒకతను 26 వారాలకి పుట్టినవాడు. మీవాడిదీ అదేనని అనట్లేదు, వాళ్లది చాలా తీవ్రం. కానీ ఇంజన్ల పేర్లూ నిన్నటి ముచ్చట్లూ మెదడులో ఒకేలా నిలవవని నాకు అర్థమైంది అది చదివాకే.

నెలలు నిండకుండా పుట్టినవాళ్లందరికీ ఇలా అవుతుందనీ కాదు. చాలామందికి ఏ తేడా ఉండదు. చిక్కేమిటంటే, చాలాచోట్ల ఇలాంటి పిల్లల్ని పిలిచి చూసే ఫాలో-అప్ రెండేళ్లకే ఆపేస్తారు. జ్ఞాపకం తడబడేది బడికెళ్లాక. అప్పటికి 29 వారాల సంగతి టీచర్‌కి ఎవరు చెప్తారు? నువ్వు వెళ్లి చెప్పు. జ్ఞాపకం, ఆలోచన లాంటివి పరీక్షించే పిల్లల న్యూరో సైకాలజిస్టు దగ్గర ఒకసారి పరీక్ష చేయించు. ఒకేసారి మూడు పనులు చెప్పకు, చెప్పినా కాగితం మీద రాసివ్వు. నాకిప్పటికీ జేబులో చీటీ లేందే గడవదు, నవ్వకు.

చెల్లెమ్మ తనవల్లే ఇదంతా అనుకుంటోందన్నావు. ఎందుకు ముందు నొప్పులొస్తాయో చాలాసార్లు డాక్టర్లకే తెలియదు. పైగా వారాల తరబడి వాణ్ని గుండెలకి ఆనించుకుని కూర్చున్నది ఎవరు? 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైన ఆ కంగారూ పద్ధతిలో పెరిగిన పిల్లల్ని ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆ పద్ధతి లేకుండా పెరిగినవాళ్లకంటే మెదడులో కొన్ని భాగాలు పెద్దవిగా ఉన్నాయిట. ఈ ముక్క తనకి చదివి వినిపించు.

ఆదివారం ఫోన్ చేస్తాను. వాణ్ని పిలువు, ఇంజన్ల కబుర్లు చెప్పుకుంటాం. నిన్న ఏం జరిగిందని మాత్రం అడగన్లే.

నీ
మూర్తి