మంచు తుఫానులో మంచం దిగలేనివాళ్ల సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

మంచు తుఫాను హెచ్చరిక రాగానే అందరూ రోడ్ల గురించే మాట్లాడతారు, ఇంటి దగ్గరే సేవలు అందుకుంటున్న పెద్దవాళ్లు మాత్రం ఎవరికీ గుర్తుకురారు. సహాయకురాలు రాలేకపోతే వాళ్లకు మందులిచ్చేదెవరు, డైపర్ మార్చేదెవరు? హోమ్ కేర్ సంస్థలు చలికాలానికి ముందే, నడిచి రాగలిగేంత దగ్గర్లో ఉన్న బంధువుదో పొరుగువారిదో నంబరు ప్రతి ఫైల్లో రాసిపెట్టుకోవాలి.

అన్నిటికన్నా టెన్షన్ కరెంటుతోనే. బ్యాటరీ లేని ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం) కరెంటు పోగానే ఆగిపోతుంది, కాబట్టి నిండు సిలిండర్ పక్కనే ఉండాలి, దాన్ని బిగించడం ఇంట్లో ఒకరికైనా వచ్చి ఉండాలి. జనరేటర్‌ను ఇంట్లోగానీ గ్యారేజీలోగానీ అస్సలు పెట్టొద్దు, తలుపులు తెరిచి ఉన్నా సరే. దాని పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బయట, కనీసం 20 అడుగుల దూరంలో పెట్టాలి.

ఇంకోటి, ముసలివాళ్లు చలేస్తోందని నోరు తెరిచి చెప్పకపోవచ్చు. మాట తడబడినా, మత్తుగా ఉన్నా థర్మామీటర్ పెట్టి చూడండి, ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే వెంటనే అంబులెన్స్ పిలవండి.

తుఫాను రోజుల్లో సంస్థవాళ్లు పొద్దున, సాయంత్రం ఫోన్ చేయాలి, ఎత్తకపోతే ఎవరు వెళ్లి చూస్తారో ఇప్పుడే తేల్చాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు