512 కేబీ మాడ్యూల్ ఎందుకు ఆగిపోయింది

టీఐ-83 ప్లస్ కాలిక్యులేటర్ లింక్ పోర్టుకు తగిలించే, ప్రోగ్రాములు దాచుకునే 512 కేబీ బ్యాకప్ మాడ్యూల్ ఈ నెలలో పంపిస్తానని మాటిచ్చాను. పంపించలేను. ముందే డబ్బు కట్టినవాళ్లకు కారణం తెలియాలి.

బోర్డు బాగానే ఉంది. లింక్ పోర్టులో ఉన్నవి రెండే డేటా తీగలు. ఒకదాని వోల్టేజిని కిందికి లాగితే 0, రెండోదాన్ని లాగితే 1. అందుకునేవైపు మిగిలిన తీగను లాగి ‘అందింది’ అని చెప్పాలి. ఇదంతా ఒక్క బిట్ పోకుండా నడుస్తోంది. గొడవంతా ఎఫ్‌ర్యామ్ చిప్పులతోనే (కరెంటు పోయినా డేటా నిలిచే, ముందు చెరపకుండానే మళ్లీ రాయగలిగే మెమరీ).

సున్నా అడ్రసులో 5ఏ అనే బైటు రాశాను. 1,31,072 అడ్రసులో, అంటే 128 కేబీ దాటగానే వచ్చే మొదటి చోట, సీ3 రాశాను. మళ్లీ సున్నా చదివితే సీ3 వచ్చింది! పై అడ్రసు బిట్లను చిప్పు పట్టించుకోవడమే లేదు. లోపలున్నది 128 కేబీయే. అసిటోన్‌లో ముంచిన దూదితో రుద్దితే చిప్పు మీది నంబరు ఊడిపోయి, అడుగున గీకేసిన గుర్తులు కనిపించాయి.

చిప్పులు అమ్మిన సప్లయర్‌ని అడిగితే ‘మీ వైరింగ్ సరిచూసుకోండి’ అన్నాడు. నాకే వైరింగ్ నేర్పుతున్నాడు! ఫొటోలు పంపాక స్వరం మారింది: ‘128 కేబీ అని చెప్పి అమ్మేయండి, పోయేదేముంది?’

ఆ మాట నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. నిజానికి మీలో చాలామంది ప్రోగ్రాములు 128 కేబీలో హాయిగా పడతాయి. కానీ నంబరు గీకేసిన చిప్పు ఏ పాత బోర్డులోంచి పీకిందో ఎవరికి తెలుసు? సరుకంతా పక్కన పడేశాను.

ఫ్లాష్ చిప్పు వేయొచ్చుగా అని కొందరు అడిగారు. చవకే, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ రాసినచోట మళ్లీ రాయాలంటే మామూలుగా 4 కేబీ సెక్టారు మొత్తం చెరపాలి. సరిగ్గా అప్పుడే ప్లగ్ ఊడితే పాత ప్రోగ్రామూ దక్కదు, కొత్తదీ దక్కదు. ముందు కొత్తచోట రాసి తర్వాత పాతది చెరిపేలా సాఫ్ట్‌వేర్ రాయొచ్చు. రాయొచ్చు, కానీ నాకు ఇష్టం లేదు. మొండితనమే అనుకోండి.

ఈసారి చిప్పులు అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొంటున్నాను. అవి వచ్చి, పై పరీక్షలో నెగ్గేదాకా తేదీ చెప్పను. ఆగలేనివాళ్లు ఒక్క మెయిల్ పెడితే డబ్బంతా వాపసు. హెచ్‌పీ 48జీఎక్స్ కాలిక్యులేటర్ మెమరీ కార్డుల్లో ఉన్నది బ్యాటరీతో డేటా నిలిచే ఎస్‌ర్యామ్ అనే వేరే రకం మెమరీ, వాటి గురించి టెన్షన్ వద్దు. పాత మాడ్యూల్లో ఏదైనా తేడా కనిపిస్తే మాత్రం, కాలిక్యులేటర్ మెమరీ రీసెట్ చేయకముందే నాకు రాయండి.