ఆదాయం గడిలో అబద్ధం రాయించకండి

సంపాదకుల గారికి నమస్కారం.

నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతాను. జీతం నెలకు 19,500. కిందటేడు దసరా సెలవుల్లో బట్టల దుకాణం ముందు బల్ల వేసుకొని కూర్చున్న కుర్రాడు ‘మేడమ్, ప్రీమియం క్రెడిట్ కార్డు, రెండు నిమిషాల పని’ అని పిలిచాడు. నా జీతం చెప్పాను. ‘దానికి ఈ కార్డు రాదు, నేను చూసుకుంటాలెండి’ అంటూ ట్యాబ్‌లో ఏడాది ఆదాయం ఆరు లక్షలని కొట్టాడు. నేను చూశాను. చూసి కూడా ఓటీపీ చెప్పాను. ఆ తప్పు నాదే. దరఖాస్తులో అబద్ధం ఉంటే రేపు జవాబు చెప్పుకోవాల్సింది నేనేనని అప్పుడు తట్టలేదు. జీతం స్లిప్పు ఎవరూ అడగలేదు.

పది రోజుల్లో కార్డు వచ్చింది. లిమిట్ లక్షా ఇరవై వేలు. విమానాశ్రయాల్లో లాంజ్ ఉచితమట. నేను ఇంతవరకు విమానం ఎక్కలేదు. మొదటి బిల్లులోనే చేరిక ఫీజు 3,000, జీఎస్టీ 540 పడ్డాయి. ఆ నెలలోనే 28,000 పెట్టి ఫ్రిజ్ కొన్నాం. మొత్తం కట్టలేక మినిమం డ్యూ, అంటే కనీసం ఇంతైనా కట్టాలని బిల్లులో వేసే మొత్తం మాత్రమే కట్టాను. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే ఎక్కువనిపించలేదు, ఏడాదికి 42 శాతమని లెక్క వేసుకోలేదు. వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. తర్వాతి నెలల్లో నేను కట్టిన పదిహేను, పదహారు వందల్లో అసలుకు పోయింది మూడొందలు కూడా లేదు. ఆ టెన్షన్‌కు నిద్ర పట్టేది కాదు. చివరికి పాప ఫీజు కోసం ఉంచుకున్న చీటీని ముందే పాడుకొని, పాటలో నాలుగు వేలు పోగొట్టుకొని బాకీ తీర్చాను.

కార్డు మూసేయమంటే ఇరవై రోజులు తిప్పారు. బాకీ లేకపోతే అడిగిన ఏడు పనిదినాల్లో మూసేయాలని, ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున ఖాతాదారుకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

చిన్న జీతం వాళ్లకు కార్డు వద్దని నేను అనడం లేదు. ఇప్పుడు నా దగ్గర ఒకటి ఉంది. 20,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద 16,000 లిమిట్‌తో ఇచ్చారు. ఆదాయం గురించి అబద్ధం చెప్పాల్సిన పని లేదు, డిపాజిట్ మీద వడ్డీ వస్తూనే ఉంది. కట్టకపోతే డిపాజిట్‌లోంచి తీసుకుంటారు, కాబట్టి హద్దు తెలుస్తుంది. గ్యాసు, కరెంటు బిల్లులకు వాడి గడువులోపు మొత్తం కట్టేస్తున్నాను. మన అప్పులు, చెల్లింపుల లెక్క ఉంచి స్కోరు ఇచ్చే సిబిల్ వంటి సంస్థలు ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే రిపోర్టు తీసి నా స్కోరు చూసుకుంటున్నాను. పెద్ద కార్డు కావాలంటే ఈ దారినే, నిజం చెప్పి అడుగుతాను. బల్ల దగ్గర కూర్చునే వాళ్లు ఈ కార్డు మాట ఎత్తరు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. నెలకు ఇన్ని కార్డులని అతని నెత్తిన ఎవరో లెక్క పెట్టి ఉంటారు. నేను అడిగేది బ్యాంకులను. కార్డు మంజూరు చేసే ముందు ఒక్కసారి ఫోన్ చేసి, దరఖాస్తులో రాసిన ఆదాయం ఎంతో, ఏడాదికి వడ్డీ ఎంతో తెలుగులో చదివి వినిపించండి. ‘ఇది మీరు చెప్పిందేనా?’ అని అడగండి. ఆ రోజు నన్ను అలా అడిగి ఉంటే కాదని చెప్పేదాన్ని.

– ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం